మా జీడి ఫ్యాక్టరీకి కరెంటు షాక్ ట్రైనింగ్ పెట్టించాం – 4/5

కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి. మాది పలాస కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్. యూనిట్ మావయ్యది, మనుషులూ లెక్కలూ నావి. పోయిన జూలైలో శ్రీకాకుళం నుంచి ఒక టీమ్‌ని పిలిపించి వైరింగ్ మొత్తం చెక్ చేయించి, దాంతోపాటు పనివాళ్ళకి షాక్ కొడితే ఏం చెయ్యాలో ఒక పూట ట్రైనింగ్ ఇప్పించాం. ఇది దాని రివ్యూ. మెచ్చుకునేదీ ఉంది తిట్టుకునేదీ ఉంది కాబట్టి వాళ్ళ పేరు రాయట్లేదు. అయిదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒక్కటీ ఎందుకు కోసేశానో కూడా చెప్తా.

ముందు ఎందుకు పిలవాల్సొచ్చిందో చెప్పాలి. జూన్‌లో మొదటి వానలు పడ్డ వారం. మా పీలింగ్ హాల్లో ఓ పక్క రేకు కారుతుంది, కిందంతా తడి. అక్కడో స్టాండు ఫ్యాను, ఇనప బాడీ, ఎప్పటిదో. ట్రేలు మోసే గుంటడు ఒకడు, ఇరవై ఏళ్ళుంటాయి, చెప్పుల్లేకుండా వచ్చి ఫ్యాన్ని తనవైపు తిప్పుకుందామని మెడ దగ్గర పట్టుకున్నాడు. అంతే. అరవలేదు. అదే నాకు ఇప్పటికీ బుర్రలోంచి పోదు, షాక్ కొడితే అరుస్తారనుకుంటాం కదా, వాడు అరవలేదు, పళ్ళు బిగబట్టి నవ్వుతున్నట్టు మొహం పెట్టాడు, ఎదురుగా కూచున్న ఆడవాళ్ళు కూడా వీడేదో ఏషాలేస్తున్నాడనుకున్నారు. నాలుగైదు సెకన్లయ్యాక మా పెద్దప్ప, అంటే పదిహేనేళ్ళుగా మా దగ్గర పప్పు గ్రేడింగ్ చేసే ఆవిడ, అందరం అప్పా అనే పిలుస్తాం, లేచి "ఓలమ్మో గుంటడికి కరెంటట్టేసింది" అంటూ పరిగెత్తి చొక్కా పట్టుకు లాగింది. ఆవిడకీ కొట్టింది. ఇద్దరూ ఫ్యానూ కలిసి కింద పడ్డారు, ఫ్యాను పడ్డ ఊపుకి ప్లగ్గు ఊడొచ్చింది. ప్లగ్గు ఊడబట్టి బతికారు, మా తెలివి వల్ల కాదు.

ఆ తర్వాత మేం చేసింది ఇంకా ఘోరం. అరికాళ్ళు రుద్దాం, గోలీసోడా తాగించాం, ఎవరో తడి మట్టిలో పడుకోబెట్టమన్నారు, అదొక్కటే చెయ్యలేదు. అరగంటకి వాడే లేచి "నాకేటీ అవనేదు" అన్నాడు, ఇద్దర్నీ ఇంటికి పంపేశాం, ఆస్పత్రి మాటే ఎవరికీ తట్టలేదు. మెయిన్ ఆపుదామని నేను గోడౌన్లోకి పరిగెత్తానా, బోర్డు ముందు పిక్కల (తొక్కతో ఉన్న జీడిగింజల) బస్తాలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి, ఒక్కోటి 80 కేజీలు. మా ఎలక్ట్రీషియనేమో మందసలో పెళ్ళికెళ్ళాడు. ఫోన్ చేస్తే "ఎమ్‌సీబీ పడనేదు కదా సార్, అయితే సిన్న షాకే" అన్నాడు. ఎమ్‌సీబీ అంటే బోర్డులో తనంతట తనే పడిపోయే స్విచ్. నేనూ నమ్మేశా.

సరే, టీమ్ సంగతి. 9కి వస్తామని 11కి వచ్చారు. మామూలు ఆఫీసులో అయితే పర్లేదేమో గానీ మా దగ్గర పీలింగ్ అంతా కేజీల లెక్క, ఎన్ని కేజీలు ఒలిస్తే అంత కూలి. నలభై ఆరు మందిని పని ఆపి కూచోబెట్టాం, రెండు గంటలు వాళ్ళ కడుపు కొట్టినట్టే. చివరికి అందరికీ ఆ పూట కూలి మేమే కట్టాం, మావయ్య గొణిగాడు, నేను పట్టుబట్టా. మీరు కూడా ఇలాంటిది పెట్టిస్తే ఇది ముందే లెక్కేసుకోండి, కూలి పోతుందంటే ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు, వాళ్ళ తప్పేం లేదు.

వచ్చింది ఇద్దరు. ఒకాయన పెద్దాయన, ఇంకొకతను కుర్రాడు, చేతిలో మెగ్గరు, అంటే వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు. నేను ఉపన్యాసం మొదలెడతారనుకున్నా. పెద్దాయన హాలు మధ్యలో నిలబడి, "సూపర్‌వైజర్ గారి చెయ్యి ఆ ఫ్యాన్‌కి అంటుకుపోయింది. ఎలక్ట్రీషియన్ ఊళ్ళో లేడు. ఇప్పుడు ఎవరు ఆపుతారు?" అన్నాడు. అందరూ నా మొహం చూశారు. నేను అంటుకుపోయున్నా కదా. ఓ అమ్మాయిని లేపి, వెళ్ళి మెయిన్ ఆపినట్టు చేసి రమ్మన్నాడు, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాడు. పాపం ఆ పిల్ల ముందు బాయిలర్ వైపు వెళ్ళింది, తర్వాత మీటరు దగ్గరికి వెళ్ళింది, మీటరే మెయిన్ అనుకుంది, చివరికి గోడౌన్లోకెళ్ళి బస్తాలెక్కి చెయ్యి పెట్టేసరికి నిమిషం యాభై సెకన్లు. గుండె ఆగిపోయాక ఛాతీ నొక్కేవాళ్ళు లేకపోతే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పోతుందని అప్పుడు చెప్పాడు, ముందు చెప్పుంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. మా హమాలీల వేరే పనులన్నీ ఆపించి ఆ మధ్యాహ్నమే బస్తాలు తీయించా. మళ్ళీ అదే అమ్మాయిని పరిగెత్తిస్తే 14 సెకన్లు. నాకైతే ఇచ్చిన డబ్బులు అక్కడికే గిట్టాయి.

ఇక బోర్డు విప్పాక నా తల కొట్టేసినట్టయింది. లోపల ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా కారితే లైను కట్ చేసే స్విచ్) ఉంది, మంచి కంపెనీదే, కానీ మా ఎలక్ట్రీషియన్ దానికి పక్కనుంచి వైరు లాగేసి బైపాస్ చేసున్నాడు. నాకు గుర్తొచ్చింది, రెండేళ్ళ క్రితం వానాకాలంలో అది పదే పదే పడిపోయేది, "ఇది ఉట్టి పుణ్యానికి పడిపోతంది సార్, పని ఆగిపోతంది" అంటే నేనే సరే ఏదో ఒకటి చెయ్యి అన్నా. ఆ ఏదో ఒకటే ఇది. ఫ్యాన్‌కైతే త్రీపిన్ ప్లగ్గు పీకి టూపిన్ పెట్టారు, అంటే బాడీకి ఎర్తే లేదు.

ఎమ్‌సీబీకీ ఆర్‌సీసీబీకీ తేడా నాకు ఇన్నేళ్ళుగా తెలీదు, ఒప్పుకుంటున్నా. ఎమ్‌సీబీ వైరుకి కాపలా అట, మనిషికి కాదు. 16 ఆంప్స్ ఎమ్‌సీబీ ఉందంటే దాన్ని దాటి లోడు లాగితేనో, షార్ట్ అయితేనో పడుతుంది. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీఆంప్స్ పోయినా ప్రాణం మీదికొస్తుంది, ఆ 30కీ ఈ 16 ఆంప్స్‌కీ అయిదొందల రెట్లు పైనే తేడా, కాబట్టి మనిషి పోతున్నా ఎమ్‌సీబీ చలించదు. ఆర్‌సీసీబీ వేరేలా పనిచేస్తుంది, ఫేజులో వెళ్ళిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ సరితూగుతున్నాయా అని చూస్తూ ఉంటుంది, తక్కువొస్తే ఎక్కడో భూమిలోకి కారుతోందని అర్థం, టక్కున కట్ చేస్తుంది. మరి వానాకాలంలో ఎందుకు పడేది? కుర్రాడు మెగ్గరు పెట్టి ఒక్కో లైనూ చూసుకుంటూ పోతే, పిక్కలు ఉడికించే చోట నీళ్ళ మోటరు కేబుల్ ఆవిరికి పొట్టు ఊడిపోయి ఉంది. అంటే రెండేళ్ళ క్రితం ఆ డబ్బా అబద్ధం చెప్పలేదు, మేమే దాని నోరు నొక్కేశాం. కేబుల్ మార్చారు, హాలు, ప్లగ్గులు ఒక ఆర్‌సీసీబీ మీదా మోటార్లు ఇంకోదాని మీదా విడగొట్టారు. అది మంచి పని, ఇప్పుడు మోటరు దగ్గర ఏదైనా అయితే హాలు మొత్తం చీకటవ్వదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అసలు ట్రైనింగ్. "కరెంటు పట్టేసుకుంది" అంటాం కదా మనం. కరెంటు పట్టుకోదమ్మా, నీ చెయ్యే ముడుచుకుపోయి నువ్వే పట్టుకుంటావు, వదలాలని నీకున్నా చెయ్యి మాట వినదు అన్నాడాయన. అందుకే లాగడానికి వెళ్ళినవాళ్ళు కూడా అంటుకుపోతారు. ముందు స్విచ్చో, ప్లగ్గో, మెయినో. అది కుదరకపోతేనే ఏదైనా పొడిగా ఉన్నదాని మీద నిలబడి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ స్టూల్‌తోనో మనిషిని పక్కకి తొయ్యాలి, లాగడం కాదు తొయ్యడం. మా హాల్లో ప్లాస్టిక్ ట్రేలు ఎక్కడ చూసినా ఉంటాయి, రెండు ట్రేలు బోర్లించి నిలబడి మూడో ట్రేతో తోయించాడు, అదొక్కటి అందరికీ భలే నచ్చింది.

అప్పుడు పెద్దప్ప అడిగింది: "బాబూ, సీర కొంగు ఇసిరి లాగితే అవదేటి?" నాకు ఆ ప్రశ్న జన్మలో తట్టేది కాదు. కానీ నిజంగా అలాంటప్పుడు ఆడవాళ్ళ చేతిలో ఉండేది అదే కదా. ఆయన నవ్వకుండా దగ్గరికొచ్చి కొంగు చివర పట్టుకు చూపించాడు, చూడప్పా, ఇది పొడిగానే ఉందనుకుంటున్నావు, పొద్దుట్నుంచి ఆవిరీ చెమటా పట్టి ఉంది, దీన్ని నమ్ముకోకు అన్నాడు. పెద్దప్ప కొంగు చేత్తో నలిపి చూసుకుని ఏం మాట్లాడలేదు. ఆ రోజు తను లాగిన చొక్కా గుర్తొచ్చి ఉంటుంది.

సీపీఆర్ దగ్గర కాసేపు గోలైంది. బొమ్మ ఒక్కటే తెచ్చారు, నలభై ఆరు మందికి ఒక్క బొమ్మ, ఇది పెద్ద మైనస్. మొదట ఎవరూ ముందుకి రాలేదు, "మగోడి గుండెల మీద సెయ్యెట్టమంటే ఎలగమ్మా" అని ఒకావిడ అంటే ఒకటే నవ్వులు. మనిషి పలకట్లేదు, ఊపిరి సరిగ్గా లేదు అనిపిస్తే ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ వేసి 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నోట్లో ఊదడం తెలిస్తే 30 నొక్కులకి రెండు ఊపిర్లు, తెలీకపోతే ఉట్టి నొక్కుడైనా ఆపకూడదు. ఆ వేగం ఎవరికీ అందలేదు, ఒకరు మరీ మెల్లగా ఒకరు మరీ గబగబా. మా లోడింగ్ దగ్గర తప్పెటగుళ్ళు ఆడే అతను ఒకడున్నాడు, పండక్కి ఊరూరా తిరుగుతాడు, వాడు ట్రే తిరగేసి ఛాతీకి ఆనించుకుని దరువేశాడు. కుర్రాడు ఫోన్లో కొలిస్తే 112. దాంతో అందరూ కుదురుకున్నారు. రెండు నిమిషాలు నొక్కేసరికి మనిషి మనిషికీ చెమటలు, "పిక్కలు కొట్టడమే నయం" అంది పెద్దప్ప. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలట.

అందరి ముందూ పెద్దాయన నన్ను చీవాట్లేసింది మాత్రం సోడా దగ్గర. షాక్ కొట్టిన మనిషి లేచి నడుస్తున్నాడంటే బాగున్నాడని కాదు, గుండె లయ తప్పుంటే పైకి కనపడదు, కాలింది కూడా పైన రూపాయి బిళ్ళంతే ఉండి లోపల కండంతా ఉడికిపోయి ఉండొచ్చు, ఆస్పత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాల్సిందే, నువ్వు సోడా పోసి ఇంటికి పంపావా అన్నాడు. ఆ గుంటడు అక్కడే కూచుని ఉన్నాడు. నేను తల దించుకున్నా.

తర్వాత జనరేటర్ దగ్గరికెళ్ళి చేంజోవర్ స్విచ్, అంటే బయటి లైనూ జనరేటరూ రెండూ ఒకేసారి కలవకుండా మార్చే స్విచ్, ఉందా అని అడిగాడు. ఇప్పుడుంది. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా నెత్తిన పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, ఉద్దానంలో కొబ్బరీ జీడీ చెట్లన్నీ లైన్ల మీదే పడున్నాయి, అప్పుడు మేం అద్దె జనరేటర్ తెచ్చి తిన్నగా బోర్డులోకి కలిపేశాం, మెయిన్ ఆపామో లేదో కూడా గుర్తులేదు. అలా చేస్తే జనరేటర్ కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురెక్కి అవతల 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టులు, అయిపోతుందట. అవతలేమో లైన్లో కరెంటు లేదని నమ్మి లైన్‌మేన్ స్తంభం మీద పని చేస్తూ ఉంటాడు. ఆ రోజుల్లో మాకోసం వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి రాత్రీ పగలూ స్తంభాలెక్కారు వాళ్ళు. ఇది విన్నాక నేనూ మావయ్యా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

స్తంభం మీది వైరు తెగి పడితే మాత్రం ఈ కర్రలూ ట్రేలూ ఏవీ పనికిరావు, అవి లోపలి 230, 415 వోల్టులకి మాత్రమే. తెగిన వైరుకి ఓ పది మీటర్లు దూరం ఉండాలి, దగ్గర్లో ఉంటే కాళ్ళు ఎత్తకుండా ఈడ్చుకుంటూ చిన్న చిన్న అడుగులతో బయటపడాలి, అడుగు పెద్దదైతే ఒక కాలు దగ్గరా ఇంకో కాలు దగ్గరా వోల్టేజీ తేడా వచ్చి ఒంట్లోంచి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు చూసి 1912కి చెప్పాలి, మనమే పోయి ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఆపే స్తంభం మీది స్విచ్) లాగెయ్యకూడదు. మా ఊళ్ళో సగం మంది లాగేస్తారు, అది వేరే సంగతి.

మంటల గురించి తొందరగా కానిచ్చేశాడు. మా దగ్గర తొక్కలోని జీడి నూనె ఒకసారి అంటుకుంటే ఆరదు, బోర్డు పక్కనే నీళ్ళ బకెట్లు రెండు పెట్టుకుని మేం చాలా జాగ్రత్తగా ఉన్నామనుకునేవాళ్ళం. కరెంటు మంట మీద నీళ్ళు పోస్తే పోసినవాడికే షాకు. బకెట్లు తీయించి ఇసక పెట్టించాడు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చూపించి దాని గొట్టం మూతి చేత్తో పట్టుకోవద్దన్నాడు, చెయ్యి గడ్డకట్టేంత చల్లబడుతుందట. మా సిలిండర్ ఎప్పుడో ఖాళీ అయిపోయుంది, అది నా ఖాతాలోదే.

ఇప్పుడు తిట్లు. ఆలస్యం, ఒక్క బొమ్మ, అవి చెప్పా. స్లైడ్లు అన్నీ ఇంగ్లీషులో, గోడ మీద వెలుతురుకి కనపడను కూడా లేదు, పెద్దాయన నోటి మాట అంత బాగుంటే ఆ ప్రొజెక్టర్ ఎందుకు మోసుకొచ్చారో. కాలిన గాయాలకి ఏం చెయ్యాలో చివర్లో బస్సు టైమైపోతోందని రెండు ముక్కల్లో ముగించేశారు, కరెంటు ఆపాక మామూలు నీళ్ళు ఇరవై నిమిషాలు పొయ్యండి, పేస్టూ సిరా పుయ్యకండి, అంతే. వారంలో ఇస్తామన్న రిపోర్టు పంతొమ్మిదో రోజున వచ్చింది, అదీ ఇంగ్లీషే, ఆరో పేజీలో ఏదో రైస్ మిల్లు ఎలివేటర్ మోటర్ గురించి రాసుంది. మాకు ఎలివేటర్ లేదు. ఫోన్ చేస్తే "సారీ సార్, పాత ఫైల్లోంచి వచ్చేసింది" అన్నారు. బిల్లు సామాన్లతో కలిపి 38,000, జీఎస్టీ వేరే, జీఎస్టీ వేరే అని ముందు చెప్పలేదు. ఈ అన్నిటికీ కలిపి ఒక స్టార్ కోశా.

షాక్ కొడితే ఏం చెయ్యాలో ఫస్ట్ ఎయిడ్ చార్టు గోడకి ఉండాలి, అది స్థానిక భాషలో కూడా ఉండాలి, ఈ రూలు ఇప్పటిది కాదు, 1956 నాటి కరెంటు రూల్స్‌లోనే ఉంది. మాకూ ఉంది, ఇంగ్లీషూ హిందీలో, వెలిసిపోయి క్యాలెండర్ వెనకాల. వాళ్ళు తెలుగులో రెండు లామినేట్ చేసిచ్చారు. ఒకటి హాల్లో, ఒకటి అన్నాలు తినే చోట పెట్టాం, తినేటప్పుడు చదువుతారని, చదువుతున్నారు కూడా.

అసలు పరీక్ష ఆగస్టులో జరిగింది. సీజన్ మధ్యలో పదకొండింటికి హాలు ఆర్‌సీసీబీ పడింది. ఎత్తితే మళ్ళీ పడింది. ఆర్డర్ లారీ బయటుంది, మావయ్య ఫోన్ మీద ఫోన్. మా ఎలక్ట్రీషియన్ టేపూ వైరూ పట్టుకుని బోర్డు దగ్గరికెళ్ళాడు, నేను కూడా ఓ క్షణం, నిజం చెప్తున్నా, కానీలే ఈ పూటకి అనుకున్నా. పెద్దప్ప బోర్డుకి అడ్డంగా స్టూలేసుకు కూచుంది. "వైరు కలిపితే నానూ నా మనుసులూ పంకా ముట్టం బాబూ, ఎల్లిపోతాం" అంది. చేసేదేం లేక ప్లగ్గులన్నీ పీకి ఒక్కోటీ పెట్టుకుంటూ వచ్చాం, మంచినీళ్ళ కూలర్ పెట్టగానే టప్పున పడింది. దాన్ని బయట పడేశాం, ముప్పావుగంటలో పని మొదలైంది. ఎవరో పొద్దుట్నుంచీ దాని పంపు దగ్గర చిన్నగా జివ్వుమంటోందని అంటున్నారట, నాదాకా రాలేదు.

ఇప్పుడు నెలకోసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కడం పెద్దప్ప డ్యూటీ, నొక్కిన తేదీ గోడ మీద సుద్దతో రాస్తుంది. మొన్న కొత్త సరుకు దిగింది, నేను లెక్క చూసుకుంటూ గోడౌన్లోకెళ్తే బోర్డు ముందు అప్పుడే మూడు బస్తాలు పడేసున్నాయి, నాలుగోది వీపు మీదున్న హమాలీతో పెద్దప్ప గొడవ పడుతోంది, వాడు దించుతానంటాడు ఆవిడ దించనివ్వదు, 80 కేజీలు మోస్తూ అలాగే నిలబడ్డాడు పాపం.